సృష్టికథ వినేవారికి ఏమి చెప్పింది? ఏడవ రోజు పరిశీలన

1. పరిచయం

బైబిలు ఆదికాండం ప్రపంచ సృష్టితో మొదలవుతుంది. దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజు విశ్రమించాడని ఆ కథ చెబుతుంది. ఇది చదవగానే ‘ప్రపంచం నిజంగా ఆరు రోజుల్లో పుట్టిందా?’ అన్న సందేహం మీకు రావచ్చు. అది విజ్ఞానశాస్త్రం నేర్చుకున్న మన కాలపు ప్రశ్న. ప్రాచీన కథను అర్థం చేసుకోవాలంటే మరో ప్రశ్న కూడా వేయాలి: ఆనాడు ఈ కథ విన్నవారు ఎవరు? వారు ఏ స్థితిలో ఉన్నారు?

2. చెరలో ఉన్న శ్రోతలు

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును పట్టుకుని, అక్కడి దేవాలయాన్ని కూల్చివేశాయి. యూదా ప్రజల్లో చాలామందిని బబులోనుకు చెరగా తీసుకుపోయారు. సృష్టికథ నేటి రూపం ఈ చెర కాలంలోనో, దాని తరువాత కొద్దికాలానికో ఏర్పడిందని అనేకమంది పండితుల అభిప్రాయం.

దేశం పోయింది, రాజు పోయాడు, గుడి పోయింది. గెలిచినవారి దేవుళ్లే గొప్పవారని ఒప్పుకోవాలా? చెరలో ఉన్నవారి ముందు నిలిచిన ప్రశ్న ఇదే.

3. రెండు సృష్టికథలు

బబులోనులో కొత్త సంవత్సరం పండుగకు ‘ఎనూమా ఎలిష్’ అనే సృష్టికావ్యాన్ని పఠించేవారు. అందులో మార్దుక్ దేవుడు తియామత్‌ను చంపి, ఆమె దేహాన్ని రెండుగా చీల్చి ఆకాశాన్ని, భూమిని చేస్తాడు. ఓడిన కింగు అనే దేవుడి నెత్తురుతో మనుషులు పుడతారు. దేవుళ్లకు విశ్రాంతి దొరకాలంటే వారి చాకిరీ ఎవరో ఒకరు చేయాలి. మనుషులు పుట్టింది అందుకే.

దీని పక్కన ఆదికాండాన్ని పెట్టి చూడండి. మూడు తేడాలు కనిపిస్తాయి.

మొదటిది, ఇక్కడ యుద్ధం లేదు. దేవుడు పలుకుతాడు, సృష్టి జరుగుతుంది. బబులోనువారు దేవుళ్లుగా కొలిచే సూర్యచంద్రులకు ఇక్కడ పేర్లు కూడా లేవు. అవి పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి మాత్రమే.

రెండవది, ఆ ప్రాంతపు రాజులను దేవుడి ప్రతిరూపాలని పొగడడం ఉండేది. ఆదికాండం ఆ గౌరవాన్ని స్త్రీపురుషులందరికీ ఇచ్చింది.

మూడవది, విశ్రాంతి దేవుళ్ల సొత్తుగా మిగిలిపోలేదు. నిర్గమకాండంలోని పది ఆజ్ఞలు ఏడవ రోజు విశ్రాంతిని దాసదాసీలకు, పరదేశులకు, చివరికి పశువులకు కూడా వర్తింపజేశాయి. అందుకు కారణంగా సృష్టికథనే చూపాయి.

పరాయి రాజు కింద బతికే మనిషికి ఈ కథ ఇలా వినిపించి ఉండాలి: నువ్వు చాకిరీ కోసం పుట్టలేదు. గుడి కూలినా ఏడవ రోజును ఎవరూ కూల్చలేరు.

4. గుండ్లకమ్మ తీరంలో

వినేవారు మారితే అదే మాట కొత్త అర్థం సంతరించుకుంటుంది. దీనికి మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. 1866 నుంచి ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు ఎక్కువగా వచ్చినవారు మాదిగలు. తోలుపని చేస్తూ, ఊరి రైతులు పిలిచినప్పుడల్లా పనికి పోవలసిన స్థితి వారిది. విశ్వాసంలో చేరేవారికి పెట్టిన నియమాల్లో మూడు ముఖ్యమైనవి: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు.

మూడో నియమం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పిలిస్తే రావలసిన మనిషి ‘ఈ రోజు రాను’ అనడం ఊరి కట్టుబాటునే ప్రశ్నించడం. అందుకే కొన్నిచోట్ల ఊరి పెద్దలతో ఘర్షణలు జరిగాయి. 1876–78 కరువు తరువాత, 1878 జూలై 3న అద్దంకి పక్కగా పారే గుండ్లకమ్మలోనే, ఒంగోలుకు ఉత్తరాన ఒకచోట, 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇంతమంది మతం మారడానికి విశ్రాంతి దినమే కారణమని దీని అర్థం కాదు. కరువు, కులవివక్ష, బంధువర్గాల ప్రభావం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. యూదుల విశ్రాంతి దినం శనివారం, క్రైస్తవులది ఆదివారం అన్న తేడా కూడా గమనించండి. అయినా రెండుచోట్లా విశ్రాంతి దినం ఒక పనే చేసింది: తన కాలంలో ఒక రోజు యజమానిది కాదని శ్రమించే మనిషికి చెప్పింది.

5. సారాంశం

ప్రాచీన కథను దాని తొలి శ్రోతల స్థితిలో పెట్టి చదవడం ఆ కథను నమ్మడమూ కాదు, కొట్టివేయడమూ కాదు. అది ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో తెలుసుకోవడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆదికాండంలో సూర్యచంద్రుల పేర్లు లేకపోవడం చెరలో ఉన్న శ్రోతలకు ఏమి సూచించింది?
2. మనుషుల పుట్టుక గురించి రెండు సృష్టికథలు చెప్పినదానిని పోల్చండి.
3. మీ ఊళ్లో అందరికీ తెలిసిన ఒక పురాణకథను తీసుకోండి. దాన్ని వినేవారిని బట్టి అర్థం ఎలా మారుతుందో పది వాక్యాల్లో రాయండి.