మీటరు తిరిగి సున్నాకొచ్చింది

జహీరాబాదులో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉందని ఆ చుట్టుపక్కల అందరూ కొత్త బండే కొంటారా? పాత బండి బేరానికొచ్చిన రైతు ముందు గంటల మీటరు చూస్తాడు. ఆరితేరినవాడైతే మీటరు జోలికే పోడు, వంగి క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూస్తాడు. పాతకాలపు మీటర్లలో అంకెలన్నీ తొమ్మిదులయ్యాక మళ్లీ సున్నాలొస్తాయి మరి.

2016 జనవరిలో లైనక్స్ కెర్నెల్‌లో బయటపడిన సీవీఈ-2016-0728 లోపం అచ్చం ఈ మీటరు తంతే.

కంప్యూటర్లో మెమరీ పంచిపెట్టి, పని అయ్యాక వెనక్కి తీసుకునే గుమాస్తా కెర్నెల్. ఇచ్చిన ప్రతిదాని పక్కనా ఒక లెక్క ఉంటుంది. ఎవరైనా వాడుకోను తీసుకుంటే ఒకటి కలపాలి, వదిలేస్తే ఒకటి తీసెయ్యాలి. లెక్క సున్నా అయిందా, ఇక దీంతో ఎవరికీ పని లేదని ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

ప్రోగ్రాములు రహస్యాలు దాచుకునే తాళాల గుత్తి కూడా ఇలాంటిదే. ఒక ప్రోగ్రాం తన దగ్గరున్న గుత్తినే మళ్లీ అడిగిందనుకోండి. కెర్నెల్ వెతికి పట్టుకుని, లెక్కలో ఒకటి కలుపుతుంది. తీరా చూస్తే పాత గుత్తే. సరేలెమ్మని ఊరుకుంటుంది కానీ, కలిపిన ఒకటిని తీసెయ్యదు. 2012లో కోడ్‌లో చేరిన ఈ మతిమరుపు 3.8 వెర్షన్‌తో ఊళ్లు పట్టుకుని తిరిగింది. మూడేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు.

ఇలా తీసెయ్యకుండా మిగిలిపోయేదాన్ని లీక్ అంటారు. లీక్ అనగానే మనకు అలుసే. మెషిన్ కాస్త నెమ్మదిస్తుంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరి అనుకుంటాం. ఇక్కడ కారింది మెమరీ కాదు, లెక్క. ఆ లెక్కకు 32 బిట్ల చోటే ఉంది. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సార్లు అడిగేలోపు మీటరు ఒక చుట్టు తిరిగి సున్నాకొస్తుంది. ఎవరడుగుతారన్ని సార్లు? మనిషి అడగడు. ఇజ్రాయెల్ కంపెనీ పర్సెప్షన్ పాయింట్ పరిశోధకులు ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ మీద అడిగించి చూశారు. దాదాపు అరగంటలో పనైపోయింది.

సున్నా కనబడగానే కెర్నెల్ గుత్తిని పారేసి చోటు ఖాళీ చేసింది. ప్రోగ్రాం చేతిలో మాత్రం ఆ చోటి చిరునామా అలాగే ఉంది. అక్కడ దొంగ గుత్తి ఒకటి పెట్టి, దాన్ని రద్దు చెయ్యమంటే చాలు. రద్దు చేసేటప్పుడు ఏ కోడ్ నడపాలో ఆ గుత్తిలోనే రాసి ఉంటుంది. కెర్నెల్ నమ్మి నడిపేస్తుంది. మామూలు యూజర్ యజమాని అయి కూర్చుంటాడు.

లైనక్స్ కెర్నెల్‌తోనే నడిచే ఆండ్రాయిడ్ పరికరాల్లో 66 శాతానికి ముప్పని పర్సెప్షన్ పాయింట్ అంది, అంత లేదని గూగుల్ అంది. ఆ వాదన ఎలా ఉన్నా మందు చిన్నదే. కలిపిన ఒకటిని తీసెయ్యమని కోడ్‌లో ఒక్క పంక్తి చేర్చారు.

2017లో కెర్నెల్‌లోకి కొత్తరకం మీటరు వచ్చింది. అది నిండితే చుట్టు తిరగదు, అక్కడే బిగుసుకుపోతుంది. ఆ మెమరీ ఇక ఎవరికీ దక్కదు, దొంగకు కూడా.