ట్రినిడాడ్ విహారం

కరీబియన్ దీవుల పేరు వినగానే నీలి జలధి, తెల్లని ఇసుక తిన్నెలు, కొబ్బరిచెట్ల నీడలు స్ఫురించడం సహజం. విహారయాత్రల ప్రకటనలు చూపేదీ ఆ మేరకే. దీవుల వరుసకు దక్షిణపు కొసన, వెనిజులా తీరానికి చేరువలో ఉన్న ట్రినిడాడ్ అంతకంటె ఎక్కువే చూపుతుంది. 1797లో స్పెయిన్ నుండి ఆంగ్లేయుల వశమైన ఈ దీవి, 1962 ఆగస్టు 31న పొరుగు దీవి టొబాగోతో కలిసి స్వతంత్ర దేశమైంది.

సముద్రస్నానం కోరి వచ్చినవారు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుండి కొండదారిన మారకాస్ తీరానికి పోతారు. పగడపు దిబ్బలు చూడగోరేవారు టొబాగోలోని బుక్కూ వద్ద గాజు అడుగు గల పడవలెక్కుతారు. టొబాగో వెళ్ళినవారు ఒక పూట మెయిన్ రిడ్జ్ అడవికి కేటాయించాలి. చెట్లుంటేనే వానలు కురుస్తాయని గుర్తించి 1776లోనే ఆ అడవిని చట్టం ద్వారా సంరక్షించారు. తోటల యజమానుల మాటే చెల్లుబాటైన కాలంలో అట్టి చట్టం రావడం విశేషమే.

దక్షిణ ట్రినిడాడ్‌లోని లా బ్రేయా వద్ద సుమారు 100 ఎకరాల తారు సరస్సు ఉంది. పేరుకు సరస్సే గాని దానిపై నడిచి పోవచ్చు. ఎక్కడ కాలు మోపవచ్చునో మార్గదర్శకుడు చూపుతాడు.

సాయంసమయాన కరోని మడ అడవులకు చేరాలి. పడవ సన్నని కాలువల గుండా సాగి ఒక విశాలమైన మడుగులో ఆగుతుంది. కొంగను పోలిన స్కార్లెట్ ఐబిస్ పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి చెట్లపై వాలుతాయి. పిల్లలుగా ఉన్నప్పుడు వాటి రంగు బూడిదవన్నె కలిసిన గోధుమరంగే. పీతలు, రొయ్యల వంటి ఆహారంలోని వర్ణద్రవ్యం వల్ల క్రమంగా ఎర్రబారుతాయి. చీకటి పడేసరికి పచ్చని చెట్లు ఎర్రని పూలు పూసినట్లుంటాయి.

ఈ దీవికి మనవారు విహారానికి వెళ్ళలేదు. 1838లో బానిసలు పూర్తిగా విముక్తులైన పిమ్మట చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1845 నుండి 1917 వరకు లక్షా నలభై వేలకు పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా తరలించారు. అధికులు కలకత్తా రేవు నుండి వెళ్ళిన ఉత్తరాదివారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. 1866 నుండి వారిని మొదట దించిన నెల్సన్ దీవిని నేడు పడవపై వెళ్ళి చూడవచ్చు.

పడమటి తీరాన వాటర్లూ గ్రామం వద్ద సముద్రంలో ఒక దేవాలయం ఉంది. బాల్యంలోనే భారతదేశం నుండి వచ్చి చెరకు తోటల్లో శ్రమించిన శివదాస్ సాధు 1947లో ఒడ్డున ఒక గుడి కట్టాడు. ఆ నేల చక్కెర కంపెనీది. 1952లో గుడిని కూల్చివేశారు. సాధుకు జరిమానా, కారాగారవాసం ప్రాప్తించాయి. నేలపై చోటు లేకుంటే ఎవరికీ చెందని సముద్రంలోనే కడతానన్నాడాయన. సైకిలుపై రాళ్ళు, సిమెంటు మోసి, ఆటుపోట్లకు ఎదురొడ్డి, నూనె పీపాలను పునాదిగా నిలిపి ఏళ్ళ తరబడి ఒంటరిగా శ్రమించాడు. ఆయన తదనంతరం శిథిలమైన ఆలయాన్ని 1995లో ప్రభుత్వం పునర్నిర్మించింది. నేటి యాత్రికుడు గట్టుమీదుగా నడిచి గుడికి చేరుతాడు. పోటు వేళ చుట్టూ నీరు, ఆటు వేళ బురద.

అట్టి పీపాలే మరొకచోట వాద్యాలయ్యాయి. పందొమ్మిదవ శతాబ్ది చివరలో పాలకులు ఆఫ్రికా సంతతివారి డప్పులపై ఆంక్షలు విధించారు. వారు వెదురు బొంగులు వాయించారు; పిదప రేకు డబ్బాలు, 1940ల నాటికి నూనె పీపాలు. పీపా అడుగును సుత్తితో మలచి స్వరాలు పలికించిన ఆ స్టీల్‌పాన్ నేడు దేశపు జాతీయ వాద్యం. ఈస్టరుకు పూర్వం వచ్చే కార్నివాల్ రోజుల్లో వెళ్ళినవారికి వీధివీధినా అది వినిపిస్తుంది. అయితే ఆ రోజుల్లో బస దొరకడం కష్టం.

ఉదయపు ఫలహారానికి వీధి బండి వద్ద నిలబడితే చాలు. పసుపు కలిపిన పిండితో వేయించిన రెండు పలుచని రొట్టెల మధ్య శనగల కూర పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. దానినే డబుల్స్ అంటారు. భారత సంతతివారి ఈ వంటను ఇప్పుడు అన్ని జాతులవారూ ఇష్టపడతారు. మిరప పచ్చడి ఎంత వేయాలని బండివాడు ముందే అడుగుతాడు. కారానికి అలవాటు పడ్డ తెలుగువారు సైతం మొదటిసారి కొంచెమే చాలుననడం మేలు.