రెండు ముక్కలయ్యే టైటానియం రోడ్ బైక్: రిటైరైన రేసర్లకు ఇదెందుకు సూటవుతుంది?

బైక్ అనగానే మనకు మోటార్‌సైకిలే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది పెడల్ తొక్కే రేసింగ్ సైకిల్ గురించి. కెరీర్ నడిచినన్నాళ్లు ప్రొఫెషనల్ రైడర్ టీమ్ ఇచ్చిన సైకిలే తొక్కుతాడు. రిటైరయ్యాక లెక్క మారుతుంది. గ్రాములు తగ్గడం కంటే సైకిల్ ఎక్కడికైనా వెంట రావడం, ఏళ్ల తరబడి ఉండటం ముఖ్యం. కస్టమ్ టైటానియం ట్రావెల్ బైక్ అందుకే.

అసలు సమస్య సైజే

బచ్చన్నపేట నుంచి జనగామకు బస్సు, అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు, ఆపైన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. ఈ రూట్‌లో నిలువెత్తు సైకిల్ డబ్బా మోయడం ఎంత కష్టమో ఊహించుకోండి. చాలా ఎయిర్‌లైన్స్‌లో చెక్-ఇన్ బ్యాగ్ పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. దాటకూడదు. దాటితే అదనపు ఛార్జీ పడొచ్చు. 26×26×10 అంగుళాల పెట్టె సరిగ్గా ఈ లిమిట్‌లో ఉంటుంది. చక్రం దానికంటే కాస్త పెద్దది కాబట్టి టైర్లలో గాలి తీసేసి సర్దాలి.

ఫ్రేమ్ ఎలా విడిపోతుంది?

• ఎస్ అండ్ ఎస్ కప్లర్: ఫ్రేమ్ పైగొట్టం, కిందిగొట్టం మధ్యలో పళ్లున్న జాయింట్లు ఉంటాయి. పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాక, పైనున్న నట్టును ప్రత్యేకమైన పానాతో బిగించాలి. బరువు సుమారు పావు కేజీ పెరుగుతుంది.
• రిచీ బ్రేక్-అవే: కిందిగొట్టానికి చిన్న క్లాంప్, పైన సీట్‌పోస్టే జాయింట్. ఇది తేలిక.

గేర్లు వైర్‌లెస్ అయితే కేబుళ్లు విప్పే గోల తగ్గుతుంది. కానీ విప్పిన లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయొద్దు, క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి.

టైటానియమే ఎందుకు?

సాంద్రత ఘన సెం.మీ.కు 4.5 గ్రాములు, స్టీల్‌ది 7.8. తుప్పు పట్టదు, పెయింట్ అక్కర్లేదు. పెట్టెలో గీతలు పడితే గిన్నెలు తోమే స్క్రబ్బర్‌తో రుద్దినా చాలావరకు పోతాయి. అదే కార్బన్‌కు గట్టి దెబ్బ తగిలితే లోపలి పగులు పైకి కనబడకపోవచ్చు. ఫ్రేముల్లో ఎక్కువగా వాడేది 3% అల్యూమినియం, 2.5% వెనేడియం కలిపిన మిశ్రమం.

ఈ లోహం మనకు కొత్తేం కాదు. 1973లో హైదరాబాద్‌లో మొదలైన మిధాని సంస్థ అంతరిక్ష, రక్షణ రంగాలకు టైటానియం మిశ్రమాలు తయారుచేస్తోంది. అదే ఏడాది టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన లూయిస్ ఒకాన్యా కొన్ని స్టేజీల్లో టైటానియం సైకిల్ తొక్కాడు.

కస్టమ్ దేనికి? రేసింగ్ పొజిషన్‌లో నడుం బాగా వంగాలి. వయసు పెరిగేకొద్దీ అది కష్టం. అందుకే కొలతలు తీసుకుని, హ్యాండిల్ కాస్త ఎత్తుకు వచ్చేలా ఫ్రేమ్ చేస్తారు.

మైనస్‌లు

ఫ్రేమ్ ఒక్కటే లక్షల్లో ఉంటుంది. ప్రతి ట్రిప్‌లో విప్పి బిగించాలి, తొక్కే ముందు జాయింట్లు చూసుకోవాలి, గ్రీజు మరవొద్దు. దేశీయ ఫ్లైట్లలో సాధారణంగా దొరికే 15 కేజీల లిమిట్ పెట్టెతో కలిపి దాటిపోవచ్చు. ఫ్రేమ్ పగిలితే మామూలు వెల్డింగ్ షాపుకు అస్సలు ఇవ్వకండి. కరిగిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి పెళుసవుతుంది. గొట్టం బయటా లోపలా ఆర్గాన్ నింపి అతకాలి. లేదంటే ఆ అతుకు దిగుడులో, మంచి స్పీడ్‌లో ఉన్నప్పుడే విరగొచ్చు.

కొనాలా?

ఏడాదికి మూడు నాలుగు సార్లు సైకిల్‌తో విమానం ఎక్కి, పదిహేనేళ్లు అదే తొక్కుతానంటే కొనొచ్చు. జనగామ రోడ్ల మీద పొద్దున్నే రైడ్‌కైతే మంచి అల్యూమినియం సైకిల్ చాలు. మిగిలిన డబ్బుతో హెల్మెట్, లైట్లు, మంచి టైర్లు తీసుకోండి.