అమూర్తానికి దారి మూర్తిలోనుంచే

నంద్యాల చుట్టూ వెలసిన నవనందులను సేవించి, ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం చేరే యాత్రికులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: “పరమాత్మ నిరాకారుడైనప్పుడు ఇన్ని మూర్తులెందుకండీ?” దీనికి సమాధానం ఒక మాట అర్థంలోనే ఇమిడి ఉన్నది. ఆంగ్లంలో దానిని ‘ఆబ్‌స్ట్రాక్షన్’ అంటారు. లాటిన్ మూలాన్నిబట్టి ‘వేరుగా లాగుట’ అని అర్థం. మన శాస్త్రాలలో ఈ వ్యాపారానికి పలు పేర్లున్నవి.

మొదటిది తార్కికులు చెప్పే జాతి. ఎన్నో గోవులను చూచి, రంగునూ కొమ్ములనూ పక్కన ఉంచి, అన్నింటిలో సమానమైన ధర్మాన్ని ‘గోత్వం’ అంటాము. వ్యక్తి ఒక్కటే అయితే జాతి సిద్ధించదు. మరి నృసింహుడు ఒక్కడే కదా, నృసింహత్వం జాతి ఎట్లా అవుతుంది? విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంతముక్తావళిలో ఈ శంకనే ఎత్తి, కల్పభేదంచేత నృసింహ శరీరాలు అనేకం గనుక అది జాతియే అని తీర్చినాడు. ఈ పంక్తిని పాఠం చెప్పినప్పుడల్లా నేను విద్యార్థులకు అహోబిలాన్ని గుర్తుచేసేవాడిని. ఉగ్రుడైన జ్వాలానృసింహుడు, లక్ష్మీసమేతుడైన మాలోలుడు, యోగానందుడు. మూర్తులు తొమ్మిది, మనస్సు గ్రహించే తత్త్వం ఒక్కటి.

రెండవది ప్రత్యాహారం. పతంజలి చెప్పిన అష్టాంగాలలో ఇది అయిదవది. ఇంద్రియాలను విషయాలనుండి మరల్చుట. పరధ్యానం పైకి దీనివలెనే కనబడుతుంది గాని, అందులో మనస్సు తనంతట జారిపోతుంది. ఇందులో మనమే మరల్చుతాము. పాణినీయంలో ఇదే మాటకు మరొక అర్థం: ‘అచ్’ అనే ఒక్క సంజ్ఞతో అచ్చులన్నింటినీ గ్రహించుట.

మూడవది శిల్పి పని. ఆళ్ళగడ్డ శిల్పులు రాతిలో అక్కరలేని భాగాన్ని ఉలితో తొలగిస్తారు, మిగిలినదే విగ్రహం.

వీటన్నింటిలోనూ పక్కన ఉంచుట ఉన్నది గాని తిరస్కారం లేదు. గోవును చూడనివానికి గోత్వం తెలియదు. అక్షరాలు రానివానికి ‘అచ్’ అన్నా ఫలం లేదు. రాయి లేక విగ్రహం లేదు. అట్లే కొండ ఎక్కి మూర్తిని కన్నులారా చూచి, ఆపైన కన్నులు మూసుకొన్నవానికే నిరాకారం అనే మాట అర్థవంతమవుతుంది.

దాతలకూ ఇదే విన్నపం. పుణ్యం భావవాచకం; ఆకలిగొన్న యాత్రికుని విస్తరిలోని అన్నం ద్రవ్యం. ఆ ద్రవ్యం లేనినాడు పుణ్యం ఉత్త మాటగానే మిగులుతుంది.