పలక తుడిస్తే పోతుంది... కాగితం పోదు!
విద్యార్థుల వివరాలు పొట్లాల పాలు కారాదు

మార్కాపురం: పలకల ఊరుగా పేరుపడిన మార్కాపురంలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పలక మీద రాతను తడిగుడ్డతో తుడిస్తే ఆనవాలు మిగలదు. కాగితం అలా కాదు. దాని మీద పడిన పేరు, పుట్టిన తేదీ, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, సంతకం ఎవరి చేతికి చిక్కితే వారికి పనికొస్తాయి.

గిద్దలూరు, కంభం, తర్లుపాడు, ఎర్రగొండపాలెం పల్లెల నుంచి ఓ కుర్రవాడు డిగ్రీలో చేరాలంటే కట్టెడు జిరాక్సులు ఇవ్వాలి. మార్కుల జాబితాలు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం. ఉపకార వేతనానికి ఒక కట్ట, హాస్టలుకు ఇంకో కట్ట. తండ్రికి సంతకం రాకపోతే వేలిముద్ర కూడా పడుతుంది.

మూడేళ్ళకు కుర్రవాడు పట్టా పుచ్చుకుని హైదరాబాదో, బెంగుళూరో వెళ్ళిపోతాడు. కట్ట మాత్రం కళాశాల గదిలోనో, విశ్వవిద్యాలయం బీరువాలోనో ఉండిపోతుంది. బీరువా నిండిన రోజున ఏమవుతుందన్నదే ప్రశ్న. పాత కాగితాలు కొనేవాడి తక్కెడకు ఎక్కితే అవి ఏ ఊరు చేరతాయో చెప్పలేం. వేరుశనగకాయల పొట్లం విప్పి, అందులో ఎవరివో మార్కులు చదివి నవ్వుకున్నవారు పల్లెల్లో చాలామందే ఉన్నారు. ఆ మార్కుల పక్కన ఆధార్ నంబరు కూడా ఉంటే అది నవ్వులాట కాదు.

నకలుతో వేలిముద్ర

పారేసిన కాగితంతో ఎవరేం చేస్తారులే అనుకోరాదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజుల నకళ్ళు తీసుకున్నాడు. వాటిపై ఉన్న వేలిముద్రలను చూసి రబ్బరు ముద్రలు చేశాడు. ఆ ముద్రలతో ఊరూ పేరూ ఎరుగని మనుషుల పేర వేలాది సిమ్ కార్డులు తెరిచాడు. పొలం అమ్మిన రైతు ఎక్కడో ఉన్నాడు. అతని బొటనవేలు మాత్రం మరొకరి దుకాణంలో పనిచేసింది.

అదే 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం వివరాలతో సహా బయటపడ్డాయి. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించరాదని 2016 నాటి ఆధార్ చట్టం చెబుతూనే ఉంది.

ఉంచవలసినవి, పోవలసినవి

అలాగని ఉన్నదంతా తగలబెడితే అదీ నష్టమే. మార్కుల పట్టీ రిజిస్టర్లు, పట్టాల రిజిస్టర్లు ఎన్నేళ్ళయినా ఉండాలి. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం రాకముందు ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అక్కడ చదివినవారికి పట్టా పోయి నకలు కావలసివస్తే పాత రిజిస్టరే దిక్కు. అది చెదలు తింటే చదివిన చదువుకు రుజువు ఉండదు.

జవాబు పత్రాలు, దరఖాస్తులు, జిరాక్సు కట్టలు మాత్రం గడువు తీరాక పోవలసినవే. తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఆ పత్రాలను భద్రపరిచే గడువు లోపలే ఆ హక్కు చెల్లుతుందని కూడా చెప్పింది. కాబట్టి ఏ కాగితం ఎన్నాళ్ళు ఉంచుతారో ముందుగా రాసిపెట్టి, విద్యార్థులకు తెలియజేయడం అవసరం.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. పని తీరిన వివరాలను చెరిపివేయాలని అది చెబుతోంది. భద్రతలో లోపం ఉంటే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

అయితే ఒక మెలిక ఉంది. ఈ చట్టం కంప్యూటరుకు ఎక్కిన వివరాలకే వర్తిస్తుంది. ఎన్నడూ ఎక్కించని వట్టి కాగితం దాని పరిధిలోకి రాదు. పల్లె విద్యార్థి ఇచ్చే కట్టలో ఎక్కువ భాగం అలాంటి కాగితమే.

చింపితే చాలదు

కాగితాన్ని రెండు ముక్కలు చేసి బుట్టలో వేస్తే నాశనం చేసినట్లు కాదు. కట్ట కట్టగానే నిప్పుపెడితే అంచులు మాడి, నడిమి కాగితాలు అలాగే మిగులుతాయి. పొడుగు పీలికలుగా కత్తిరించే యంత్రమూ గట్టిది కాదు. 1979లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినవారు, అక్కడ పీలికలు చేసిన రహస్య పత్రాలను తివాచీలు నేసేవారి చేత ఒక్కొక్క పోగూ కలిపించి చదివారు.

అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కోసి నలుసులు చేసే యంత్రం మేలు. తరువాత ఆ నలుసులను నానబెట్టి గుజ్జు చేస్తే ఇక అనుమానం లేదు. ఈ పని ఇద్దరు బాధ్యుల ఎదుట జరగాలి. ఏ సంవత్సరపు కాగితాలు, ఎన్ని కట్టలు, ఏ తేదీన నాశనం చేశారో రిజిస్టరులో రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. పాత కంప్యూటర్ల సంగతీ ఇంతే. ఫైలు తొలగించినా డిస్కులో వివరాలు మిగులుతాయి. అమ్మే ముందు డిస్కును పూర్తిగా చెరపాలి, లేదా విరగ్గొట్టాలి. పెద్ద జిరాక్సు యంత్రాలు చాలావాటిలోనూ డిస్కులుంటాయి.

మనం చేయగలిగినవి

పన్నెండంకెల్లో చివరి నాలుగే కనబడే ఆధార్ ప్రతి దొరుకుతుంది. చాలాచోట్ల అది సరిపోతుంది. ప్రతి జిరాక్సు మీదా "ఫలానా కళాశాలలో ప్రవేశం కొరకు మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి, సంతకం చేయాలి. దుకాణంలో చెడిపోయిన జిరాక్సును వదిలిరాకుండా ఇంటికి తెచ్చుకోవాలి. వేలిముద్రతో డబ్బు తీసుకునేవారు ఆధార్ యాప్‌లో తమ వేలిముద్రలకు తాళం వేసుకుని, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు తమ వద్ద ఉంచుకోరాదని, సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే ఆదేశించింది. టీసీ తీసుకునే రోజున "మా కాగితాలు ఏం చేస్తారండీ?" అని అడగడం తప్పు కాదు.

పలక తుడవడం రాసిన పిల్లవాడి వంతు. కాగితాన్ని తుడిచే బాధ్యత దాన్ని పుచ్చుకున్నవారిది.