ముహూర్తానికి వీకెండ్ తెలియదు

సోమవారం నుంచి శుక్రవారం దాకా ల్యాప్‌టాప్, శని, ఆదివారాలు కెమెరా. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రకారును ఇప్పుడు ఊరిస్తున్న రెండో సంపాదన పెళ్లి వీడియో.

మొదటి ఆర్డర్ ఎప్పుడూ చుట్టాలింట్లోనే దొరుకుతుంది. ‘‘మనవాడి దగ్గర కెమెరా ఉందిగా, వాడే తీస్తాడు’’ అని పెదనాన్న తేల్చేస్తాడు. డబ్బు ఊసుండదు. భోజనానికి మాత్రం మొదటి బంతికే పిలుస్తారు. సరిగ్గా అప్పుడే మండపంలో తలంబ్రాలు మొదలవుతాయి కాబట్టి అదీ దక్కదు.

అసలు చిక్కు పంచాంగంతో. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే కెమెరా బ్యాగు అటకెక్కుతుంది. గురు మూఢమో శుక్ర మూఢమో పడితే మంచి మాసంలోనూ పెళ్లిళ్లు ఆగుతాయి. మాఘం, వైశాఖం, శ్రావణం రాగానే ఒకే ముహూర్తానికి ఊళ్లోని ఫంక్షన్‌ హాళ్లన్నీ నిండిపోతాయి. ఆ ముహూర్తం బుధవారం అర్ధరాత్రి దాటాక పడితే గురువారం ఆఫీసు మీటింగులో రెప్పలు నిలవవు. ఉద్యోగస్తులకు నప్పేవి నిశ్చితార్థం, హల్దీ, సంగీత్, రిసెప్షన్ అని నా అభిప్రాయం. వాటిని ఆదివారానికి జరుపుకోవడం ఇంటివాళ్ల చేతిలో పని.

పెళ్లే తీస్తామంటారా? సినిమాల్లో తాళికట్టే ఘట్టం చూసి అదే ముహూర్తం అనుకునేవాళ్లుంటారు. మన పెళ్లిళ్లలో సాధారణంగా ఆ ఘడియ జీలకర్ర-బెల్లానిది. అడ్డుతెరకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ ఒకరి తలమీద ఒకరు చెయ్యి పెడతారు. తెర దిగుతుంది, గట్టిమేళం మోగుతుంది, ఉన్నవాళ్లంతా లేచి ఫోన్లెత్తుతారు. ఎదురుగా నిలబడిన కెమెరాకు దక్కేది మేనమామ వీపు! అందుకే ఒక కెమెరా మండపం మీదే పక్కగా ఉండాలి, రెండోది ఎత్తులో ట్రైపాడ్ మీద ఆగకుండా నడవాలి. లెన్సు మీద అక్షింతలు పడతాయి, హోమం పొగకు ఫోకస్ తప్పుతుంది. ‘‘పంతులుగారూ, ఇంకొక్కసారి’’ అంటే కుదరదు. (అడిగేవాళ్లూ లేకపోలేదు. అప్పుడు పంతులుగారి ముఖం తీస్తే బాగుంటుంది.) బిందెలో ఉంగరం దగ్గర పెళ్లివాళ్లే చెలరేగిపోతారు, మనం అడ్డు తప్పుకుంటే చాలు. పట్టపగలు అరుంధతిని చూపిస్తుంటే కెమెరాను ఆకాశానికి తిప్పి లాభం లేదు. ‘‘కనిపించింది’’ అని పెళ్లికూతురు నవ్వాపుకుంటూ చెప్పే ముఖాన్ని పట్టుకోవాలి.

ఇవన్నీ యూట్యూబ్‌లో చూసి నేర్చుకునేవి కావు. ఒక సీజనంతా చేయి తిరిగినవాళ్ల దగ్గర సెకండ్ కెమెరాగా తిరగడం మేలు. ఖరీదైన లెన్సులు అప్పటిదాకా అద్దెకు తెచ్చుకోవచ్చు. మొదట కొనాల్సింది మైకు. పంతులుగారి కండువాకు చిన్న మైకు తగిలించకపోతే మంత్రం బదులు డోలే వినిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్‌ను 1/50లోనో 1/100లోనో ఉంచకపోతే కొన్ని ఎల్‌ఈడీ దీపాల వెలుగు వీడియోలో చారలుగా పడుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల 4కె ఫుటేజీ గంటకు 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలు ఐదేసి గంటలు నడిస్తే 450 జీబీ, దానికి బ్యాకప్ మరో 450. ఇదంతా కూర్చుని చూసి, కోసి, అతికేది వారం మధ్య రాత్రుళ్లే. ఆర్డర్ ఒప్పుకునేటప్పుడు ఈ రాత్రుళ్లను ఎవరూ ధరలో కలపరు.

చట్టం సంగతీ కొంత తెలియాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల్లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకుమించిన దాన్ని డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. ఊరేగింపులో సినిమా పాట వేసుకోవడానికి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తుంది. అదే పాటను వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెడితే ఆ ధీమా ఉండదు. ఇంకో ముఖ్యమైన మాట: డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, అదే చట్టం ప్రకారం తొలి యజమాని తీయించుకున్నవారే. వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోకుండా మన పేజీలో రీల్ పెట్టుకోవడం పొరపాటు. ఆఫర్ లెటర్లో రెండో సంపాదన గురించి ఏం రాశారో కూడా చదువుకోవాలి. 2022లో పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. కెమెరా పని పోటీ కాకపోవచ్చు గానీ, చాలా కంపెనీలు ముందస్తు అనుమతి అడుగుతాయి. ప్రభుత్వోద్యోగులకైతే సర్వీసు నిబంధనలు ఇంకా గట్టివి.

ఇంత చేసి, మూడు నిమిషాల టీజర్‌కు రంగులద్ది పంపితే పెళ్లికూతురి స్నేహితులు మురిసిపోతారు. పెళ్లికొడుకు తండ్రి మాత్రం పూర్తి వీడియో రెండుసార్లు చూసి ఫోన్ చేస్తాడు: ‘‘అంతా బాగుంది బాబూ, మా తోడల్లుడు ఎక్కడా కనిపించలేదేం? ఆయన నొచ్చుకున్నాడు.’’ ముడి ఫుటేజీని కనీసం ఏడాదైనా చెరపకుండా ఉంచుకోవాల్సింది ఈ ఫోన్ కోసమే.