మీకు తెలుసా? బిడ్డ బతకాలని తోడేలు పేరు!

సెర్బియాలో మగపిల్లలకు ‘వుక్’ అని పేరు పెడతారు. అంటే తోడేలు. పౌరుషం కోసం పెట్టారనుకుంటాం గానీ, పాతకాలంలో దీని వెనక ఉన్నది కన్నవాళ్ల భయం. పుట్టిన బిడ్డలు దక్కకుండా పోతుంటే, మంత్రగత్తెలు తినేస్తున్నారని పల్లెల్లో నమ్మేవారు. తోడేలు జోలికి రావడానికి మాత్రం వాళ్లకూ ధైర్యం చాలదట!

ఇందుకు సాక్ష్యం వుక్ కరాజిచ్. 1787లో పుట్టిన ఈయనకు ముందు పుట్టినవాళ్లెవరూ బతకలేదు. అందుకే ఆ పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆయనే జానపద గేయాలు సేకరించి, సెర్బియన్ లిపిని సంస్కరించి, 1818లో వియన్నాలో నిఘంటువు అచ్చువేయించాడు. తన పేరు వెనక కథను కూడా అందులోకి ఎక్కించాడు. నిఘంటుకర్తకు ఆమాత్రం ముచ్చట ఉండదా!

మన పెంటయ్య, పుల్లయ్యల వెనకా ఇదే దిగులు. కాకపోతే మనవాళ్లు బిడ్డ మృత్యువు కంటికి ఆనకూడదనుకున్నారు. సెర్బులు ఎదురు బెదిరించారు.

వుకాన్, వుకాషిన్ అనే పేర్లూ, వుకోవిచ్ అనే ఇంటిపేరూ ఈ కుదురులోవే. ఆడపిల్లకైతే వుకోసావా.